భోగాపురం ప్లాటు వద్దనుకుని ఇళ్ల కంపెనీల షేర్లు కొన్నాను: ఏడాదిన్నర అనుభవం

నెల్లిమర్ల దగ్గర మా నాన్నగారి పొలం అమ్మగా వచ్చిన సొమ్ములో నా వాటా 2024 ఫిబ్రవరిలో బ్యాంకులో పడింది. అప్పటి నుంచి 2025 సెప్టెంబరులో ఆదాయపు పన్ను రిటర్ను వేసేదాకా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. స్థలం కొన్న కథ చెప్పేవాళ్లు మా విజయనగరంలో వీధికి పదిమంది దొరుకుతారు. ఇళ్లు కట్టే కంపెనీల షేర్లు కొని, ఇళ్ల మార్కెట్ లెక్కలను వరసగా గమనించినవాళ్లు మాత్రం నాకు ఒక్కరూ దొరకలేదు. ఆ దారిలో వెళ్లాలనుకునేవాళ్లకు ఇది ఉపయోగపడుతుంది. నేను ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. అంకెలంటే భయం లేదు. డబ్బు పోతుందన్న భయం మాత్రం అందరికీ ఉన్నంత నాకూ ఉంది.

డబ్బు వచ్చిన వారంలోనే అన్నయ్య నన్ను భోగాపురం వైపు తీసుకెళ్లాడు. విమానాశ్రయం పనులు మొదలైనప్పటి నుంచి ఆ రోడ్డు పొడవునా లేఅవుట్ల జెండాలే. ఒక వెంచరులో మధ్యాహ్నం దాకా తిరిగాం. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు నంబరు అడిగితే “దరఖాస్తు పెట్టామండి, వచ్చేస్తుంది” అన్నారు. అయిదు వందల చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు ఆ నంబరు రాకుండా ప్రకటన ఇవ్వడానికి, బయానా తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. పైగా రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి ఏడున్నర శాతం. నా వాటా సొమ్ముకు మరో అంత అప్పు చేస్తే తప్ప ఆ ప్లాటు రాదు. అన్నయ్య దారి పొడవునా ఒకటే మాట: “భూమి ఎక్కడికీ పోదు కదమ్మా!” నిజమే, పోదు. కానీ అమ్మాయి ఇంజనీరింగు ఫీజు కట్టాల్సిన ఆగస్టులో అందులో ముప్పై గజాలు కోసి అమ్ముకోలేను కదా!

ఇళ్ల మీద నమ్మకం ఉంది, మొత్తం సొమ్ము ఒకే ముక్కలో ఇరికించే ధైర్యం లేదు. అందుకే సగం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టి, మిగతా సగంతో పెద్ద నగరాల్లో ఇళ్లు కట్టే కంపెనీల షేర్లు కొందామనుకున్నాను. ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ అన్నం కలుపుతూ ఆగిపోయింది. మా మేనమామ 2009 జనవరి 7న పోగొట్టుకున్న డబ్బు ఆమెకు గుర్తొచ్చింది. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు కంపెనీ లెక్కలు తప్పుగా చూపానని ఒప్పుకున్న లేఖ బయటపడిన రోజు అది. దానికి మూడు వారాల ముందు, డిసెంబరు 16న, అదే కంపెనీ సొమ్ముతో రాజు కుటుంబానికి చెందిన రియల్ ఎస్టేటు, నిర్మాణ కంపెనీలు మేటాస్ ప్రాపర్టీస్‌నూ మేటాస్ ఇన్‌ఫ్రానూ కొంటామని ప్రకటించి గంటల్లో వెనక్కి తగ్గారు. మన వాళ్లకు షేరు, రియల్ ఎస్టేటు అన్న రెండు మాటలు కలిస్తే ఆ జనవరే గుర్తొస్తుంది. అమ్మ భయం తీసిపారేయదగ్గది కాదు. అందుకే కంపెనీలను ఎంచుకునేటప్పుడు ప్రమోటర్లు (కంపెనీని పెట్టి నడిపే యజమానులు) తమ షేర్లను తాకట్టు పెట్టారా లేదా అన్నదే మొదట చూశాను. మూడు నెలలకోసారి స్టాక్ ఎక్స్ఛేంజీలకు ఇచ్చే వాటాదారుల పట్టికలో ఆ సంగతి ఉంటుంది.

షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా పది నిమిషాల్లో తెరవవచ్చని ప్రకటనలు చెబుతాయి. నాకు మార్చి అంతా, ఏప్రిల్‌లో సగం పట్టింది. పాన్ కార్డులో పుట్టింటిపేరు, ఆధార్‌లో మెట్టినింటిపేరు. దరఖాస్తు తిరిగొచ్చింది. పెళ్లయిన ఆడవాళ్లలో చాలామందికి ఈ తేడా ఉంటుంది. ఖాతా జోలికి వెళ్లే ముందే సరిచేయించుకోవడం మంచిది. పాన్ దిద్దుబాటుకు నూటేడు రూపాయలు, దాదాపు మూడు వారాల నిరీక్షణ. తర్వాత రద్దు చేసిన చెక్కు మీద నా పేరు అచ్చు కాలేదన్న కారణంతో ఇంకోసారి వెనక్కి వచ్చింది. బ్యాంకు ముద్రతో పాస్‌బుక్ మొదటి పేజీ పంపితే ఒప్పుకున్నారు. ఏప్రిల్ నడిమికి ఖాతా తెరుచుకుంది.

అప్పటికే ఇళ్ల కంపెనీల షేర్లు ఏడాదిగా పరుగులో ఉన్నాయి. 2023లో ఆ రంగం సూచీ చాలా పెరిగింది. మా స్టాఫ్ రూమ్‌లో రిటైర్‌మెంటుకు దగ్గరపడిన ఒక మాస్టారు 2008 జనవరిలో డీఎల్‌ఎఫ్ అనే ఇళ్ల కంపెనీ షేర్లు కొన్నారు. 2007లో 525 రూపాయలకు ఇష్యూకు వచ్చిన ఆ షేరు అప్పుడు పన్నెండు వందలు దాటింది. 2009 మార్చి నాటికి రెండు వందల లోపుకు వచ్చింది. 2024లో అందరూ సంబరపడుతున్న రోజుల్లో కూడా అది వెయ్యి అందుకోలేదు. “కంపెనీ బతికే ఉందమ్మా, బాగానే సంపాదిస్తోంది. నేను కొన్న ధర మాత్రం పదహారేళ్లయినా తిరిగి రాలేదు” అన్నారు. ఆ మాట విన్నాక సొమ్మంతా ఒక్కరోజులో పెట్టడం మానేసి, నాలుగు కంపెనీలకు పంచి నెలనెలా కొంత చొప్పున కొనడం మొదలుపెట్టాను. వాటిలో రెండు బెంగళూరువి, ఒకటి ముంబైది, ఒకటి ఢిల్లీ వైపుది.

జూన్ 4, ఎన్నికల ఫలితాల రోజు. మా రాష్ట్రంలో ప్రభుత్వం మారుతోందని ఊరంతా టీవీల ముందు ఉంటే, నేను ఫోనులో మార్కెట్ సూచీ నిఫ్టీ దాదాపు ఆరు శాతం పడిపోవడం చూస్తున్నాను. తగ్గిన ధరలో ఆ నెల వంతు కొందామని ప్రయత్నిస్తే నా బ్రోకరు యాప్ గంటకు పైగా తెరుచుకోలేదు. తెరుచుకునేసరికి కొంత కోలుకుంది. అందరూ ఒకేసారి తలుపు తట్టే రోజున ఆ తలుపు తెరుచుకుంటుందన్న భరోసా లేదని ముందే తెలుసుకుని ఉండటం మంచిది.

ఇక లెక్కల సంగతి. దీని మీదే నేను ఎక్కువ సమయం పెట్టాను. ఆదివారం ఉదయాలు దీనికే.

రిజర్వ్ బ్యాంకు ఇళ్ల ధరల సూచీ మూడు నెలలకోసారి వస్తుంది. నేను మొదట చూసినప్పుడు అందులో పది నగరాలే ఉన్నాయి. హైదరాబాదే లేదు, ఇక మన వైపు ఊసెక్కడ? నేషనల్ హౌసింగ్ బ్యాంకు ఇళ్ల ధరల సూచీ రెసిడెక్స్‌లో యాభై నగరాలున్నాయి, విశాఖపట్నం, విజయవాడ కూడా. విజయనగరం, శ్రీకాకుళం లేవు. ఈ రెండు సూచీలూ త్రైమాసికం ముగిసిన చాలా వారాలకు గానీ చేతికి రావు. నేను ఏప్రిల్ నుంచి జూన్ దాకా జరిగింది చదివేసరికి వర్షాకాలం వెనకబడుతోంది. షేరు ధర అప్పటికే ఎటు పోవాలో అటు పోయి ఉంటుంది.

ప్రైవేటు సలహా సంస్థల అంకెలు త్రైమాసికం ముగిసిన కొద్దిరోజులకే పత్రికల్లో వస్తాయి. ఒకే మూడు నెలలకు ఒక్కొక్కరి అంకె ఒక్కోలా ఉండటం చూసి మొదట చాలా చికాకుపడ్డాను. అనరాక్ ఏడు నగరాలు లెక్కిస్తుంది, నైట్ ఫ్రాంక్ ఎనిమిది. లెక్కించే పద్ధతులూ వేరు. చివరకు ఒక సంస్థ అంకెను దాని పాత అంకెతోనే పోల్చడం అలవాటు చేసుకున్నాను. అలా చూస్తే 2024 అనరాక్ అంకెల్లో ఒక విషయం స్పష్టంగా కనిపించింది: అమ్ముడైన ఇళ్ల సంఖ్య ముందు ఏడాది కంటే తగ్గింది, వాటి మొత్తం విలువ పెరిగింది. అంటే ఖరీదైన ఇళ్లు ఎక్కువగా, మధ్యతరగతి ఇళ్లు తక్కువగా అమ్ముడవుతున్నాయి. అది చదివిన రోజు మనసు కొంచెం బరువెక్కింది. జీతం మీద బతికే మాలాంటి వాళ్ల ఇళ్లు కాదు ఈ కంపెనీలు కడుతున్నవి. షేరు కొనేముందు ఆ సంగతి తెలిసి ఉండాలి.

కంపెనీల లెక్కల్లో తెలియనివాళ్లను తప్పుదారి పట్టించేది లాభం. పత్రికలో “లాభం రెట్టింపు” అని వస్తుంది. నాలుగేళ్ల క్రితం అమ్మిన ఫ్లాట్లు ఇప్పుడు తాళం చేతికిస్తే ఆ ఆదాయం ఇప్పుడు పుస్తకాల్లోకి వస్తుంది. 2018 నుంచి అమల్లో ఉన్న లెక్కల ప్రమాణం ప్రకారం చాలా కంపెనీలు ఇల్లు అప్పగించాకే ఆదాయం చూపుతాయి. పంట కోసి ఇంటికి చేర్చిన రోజునే లెక్క రాసినట్టు. ఈ ఏడాది ఏం నాటారో ఆ అంకెలో కనబడదు. దాన్ని చూపేది బుకింగుల విలువ, అంటే ఆ కాలంలో అమ్మకానికి ఒప్పందమైన ఇళ్ల మొత్తం ధర. చాలా కంపెనీలు త్రైమాసికం ముగిసిన పది, పన్నెండు రోజుల్లో దాన్ని ఎక్స్ఛేంజీకి పంపుతాయి. పూర్తి ఫలితాలకు నలభై అయిదు రోజుల దాకా, మార్చితో ముగిసే త్రైమాసికానికైతే అరవై రోజుల దాకా గడువుంది.

నా నోటుపుస్తకంలో ఒక్కో కంపెనీకి ఒక పేజీ. బుకింగుల విలువ, అమ్మిన చదరపు అడుగులు, కొనుగోలుదారుల నుంచి వసూలైన సొమ్ము, నికర అప్పు (చేతిలోని నగదు తీసేయగా మిగిలే అప్పు), కొత్తగా మొదలుపెట్టిన ప్రాజెక్టులు. మొదటి అంకెను రెండోదానితో భాగిస్తే అడుగు సగటు ధర వస్తుంది. బుకింగులు పెరుగుతూ ఉండి వసూళ్లు పెరగకపోతే, ఆ పేజీ మూలన ఎర్ర సిరాతో గుర్తు పెట్టేదాన్ని. అంత పెద్ద కంపెనీల కథ ఈ అయిదు గడుల్లో చాలావరకు ఇమిడిపోవడం నాకు నిజంగా ఆనందమిచ్చింది. ఫలితాల తర్వాత యాజమాన్యం విశ్లేషకులతో మాట్లాడిన సంభాషణ మొత్తం అక్షరాల్లో ఎక్స్ఛేంజీ సైటులో దొరుకుతుంది. ఇంగ్లిషులో ముప్పై పేజీలు. మొదటిది చదవడానికి రెండు రాత్రులు పట్టింది. మూడోసారికి అసలు సంగతి ఎక్కడుంటుందో తెలిసింది: అనుమతుల ఆలస్యం గురించి ఎవరైనా అడిగిన చోట.

జూలై 23 బడ్జెట్‌లో రెండు దెబ్బలు తగిలాయి. ఆస్తి అమ్మితే, కొన్న ధరను ధరల పెరుగుదలకు తగ్గట్టు పెంచి చూపే ద్రవ్యోల్బణం సర్దుబాటు తీసేసి పన్ను పన్నెండున్నర శాతం అన్నారు. ఇళ్ల కంపెనీల షేర్లు ఆ మధ్యాహ్నమే పడ్డాయి. ఆగస్టులో దాన్ని సడలించి, ఆ తేదీకి ముందు కొన్న భూములకు, ఇళ్లకు పాత పద్ధతిలో ఇరవై శాతమో కొత్త పద్ధతిలో పన్నెండున్నరో ఏది తక్కువైతే అది కట్టే వీలిచ్చారు. రెండోది నేరుగా నా మీదే పడింది. ఏడాదిలోపు అమ్మిన షేర్ల లాభం మీద పన్ను పదిహేను నుంచి ఇరవై శాతమైంది. అమ్మాయి ఫీజుకు నేను అమ్మాల్సింది ఆగస్టులో.

ఆ అమ్మకం గురించి వివరంగా చెప్పాలి. ఆగస్టు 14, బుధవారం అమ్మాను. అమ్మడానికి డిపాజిటరీ (మన షేర్లను భద్రపరిచే సంస్థ) నుంచి వచ్చే టీపిన్ అనే రహస్య సంఖ్య కావాలి, దానిపైన ఓటీపీ కావాలి. టీపిన్ నా పాత ఈమెయిలుకు వెళ్లింది. అది తెరవడానికే అరపూట పోయింది. మర్నాటికి సొమ్ము జమ కావాలి గానీ మర్నాడు స్వాతంత్ర్య దినోత్సవం. శుక్రవారం బ్రోకరు ఖాతాలో పడింది, బ్యాంకుకు వచ్చేసరికి సోమవారం. కాలేజీ వాళ్లు పెట్టిన గడువూ ఆ సోమవారమే. ఉదయం నుంచి తరగతి గదిలో పాఠం చెబుతూనే ఫోను వైపు చూస్తూ ఉన్నాను. పదకొండున్నరకు సందేశం వచ్చింది. ఫీజు కట్టాల్సి ఉంటే కనీసం వారం ముందు అమ్మండి. ఇంకొకటి: అమ్మిన ప్రతి రోజూ ఒక్కో కంపెనీకి విడిగా డిపాజిటరీ రుసుము పడుతుంది. కొంచెం కొంచెంగా నాలుగు రోజులు అమ్మితే నాలుగుసార్లు.

సెప్టెంబరు నెలాఖరుకు నా షేర్లు కొన్న ధర కంటే చాలా పైన ఉన్నాయి. తర్వాత దిగడం మొదలైంది. అక్టోబరులో సిరిమానోత్సవానికి బంధువులంతా ఇంటికి వచ్చినప్పుడు అప్పటికే లాభంలో పెద్ద ముక్క కరిగిపోయింది. విదేశీ మదుపర్లు అమ్ముతూనే ఉన్నారు. డిసెంబరు దాటి, జనవరి దాటి, ఫిబ్రవరి చివరికి సెప్టెంబరు విలువలో మూడో వంతు పోయింది. కొన్న మొత్తం కంటే కూడా కిందికి వచ్చింది. పొద్దున్న తొమ్మిదింబావుకు మార్కెట్ తెరుచుకునే సమయానికి మా బడిలో ప్రార్థన జరుగుతూ ఉంటుంది. ఆ పది నిమిషాలు కడుపులో ఏదో తిప్పినట్టుండేది. నాన్నగారి పొలం అది. ఆ మాట మనసులోంచి పోయేది కాదు. అమ్మ రోజూ అడగలేదు. అడగకపోవడమే ఇంకా కష్టంగా ఉండేది.

ఆ నెలల్లో నన్ను నిలబెట్టింది నోటుపుస్తకమే. మొదట అదే నన్ను గందరగోళపెట్టింది కూడా. డీఎల్‌ఎఫ్ బుకింగులు 2023-24లో 14,778 కోట్లు, 2024-25లో 21,223 కోట్లు. అదే కాలంలో షేరు సుమారు 900 నుంచి 700 లోపుకు దిగింది. వ్యాపారం పెరుగుతుంటే ధర పడడమేమిటి? అంకెలు తిరగేస్తే అర్థమైంది. ఆ ఏడాది బుకింగుల్లో సగానికి మించి, 11,816 కోట్లు, గురుగ్రామ్‌లోని డాలియాస్ అనే ఒక్క విలాస ప్రాజెక్టు నుంచే, అదీ ఒకే త్రైమాసికంలో వచ్చాయి. అటువంటిది ప్రతి ఏడాదీ జరుగుతుందా అన్నది మార్కెట్ వేసిన ప్రశ్న. పైగా ఆ పెరుగుదల వస్తుందని అంతకు ముందే షేరు ధరలో కలిపేసుకున్నారు. ప్రెస్టీజ్ బుకింగులు అదే ఏడాది 21 వేల కోట్ల నుంచి 17 వేల కోట్లకు తగ్గాయి, ప్రాజెక్టుల ప్రారంభాలు వెనకబడటం వల్ల. అయినా రెండు షేర్లూ కలిసే పడ్డాయి. మంచి లెక్క వచ్చిన కంపెనీకి మంచి ధర వెంటనే వస్తుందన్న హామీ లేదు. నా దగ్గరున్న నాలుగు కంపెనీల్లో మూడింటికి వసూళ్లు పెరిగాయి, అప్పు తగ్గింది. అందుకే ఉంచాను. నాలుగోదానికి నా ఎర్ర గుర్తులు వరసగా పడ్డాయి. దాన్ని మార్చిలో నష్టానికి అమ్మేశాను. ఆ రోజు రాత్రి చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్ర పట్టింది.

అదే కాలంలో కొన్ని కంపెనీలు కొత్త షేర్లు జారీ చేసి పెద్ద సంస్థల నుంచి డబ్బు సేకరించాయి. ప్రెస్టీజ్ 5,000 కోట్లు, గోద్రెజ్ ప్రాపర్టీస్ 6,000 కోట్లు. అప్పు తగ్గుతుంది, భూములు కొనడానికి సొమ్ము దొరుకుతుంది. కానీ కంపెనీలో మన వాటా ఆ మేరకు పలచబడుతుంది. నికర అప్పు ఒక్కసారిగా తగ్గినట్టు కనిపిస్తే, అది వసూళ్ల వల్ల తగ్గిందా కొత్త షేర్ల వల్లా అని చూడాలి.

వడ్డీ రేటు కోసం నేను ఎంత ఎదురుచూశానో చెప్పలేను. 2023 ఫిబ్రవరి నుంచి రెపో (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ) ఆరున్నర శాతం దగ్గరే ఆగి ఉంది. రెండు నెలలకోసారి ఉదయం పది గంటలకు ప్రకటన. సంజయ్ మల్హోత్రా రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా వచ్చాక మొదటి సమీక్షలో, 2025 ఫిబ్రవరి 7న, పావు శాతం తగ్గింది. నా షేర్లలో ఆశించిన కదలిక లేదు. ఏప్రిల్ 7న అమెరికా సుంకాల భయంతో మార్కెట్ కుప్పకూలింది. రెండు రోజులకు రెపో ఆరు శాతానికి దిగింది. జూన్ 6న ఒకేసారి అర శాతం తగ్గించి అయిదున్నరకు తెచ్చారు, బ్యాంకులు రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉంచాల్సిన నగదు నిల్వ నిష్పత్తిని కూడా ఒక శాతం తగ్గిస్తామన్నారు. ఆ రోజు ఇళ్ల కంపెనీలు ఒక్కసారిగా పైకి లేచాయి. నా పెట్టుబడి కొన్న మొత్తాన్ని దాటింది. అన్నయ్యకు ఫోను చేశాను. తన ఇంటి రుణం రెపోకు అనుసంధానమై ఉన్నా వాయిదా తగ్గలేదని ఆయన గోల. ఆ రుణాల వడ్డీని బ్యాంకులు కనీసం మూడు నెలలకోసారి సవరిస్తాయి. ఆయన తేదీ ఆగస్టులో వచ్చింది. రేటు తగ్గింది కానీ వాయిదా అలాగే ఉంచి గడువు కుదించారు. వాయిదానే తగ్గించాలంటే రాతపూర్వకంగా అడగాలట.

చివరిది రిటర్ను. జీతం ఒక్కటే ఉన్నన్నాళ్లూ రిటర్నుకు వాడే సహజ్ అనే తేలిక ఫారం నేనే నింపుకునేదాన్ని. ఏడాదిలోపు అమ్మిన షేర్ల లాభం ఉంటే అది చెల్లదు, రెండో నంబరు ఫారం వేయాలి. అందులో 2024 జూలై 23కు ముందు, తర్వాత జరిగిన అమ్మకాలను విడివిడిగా చూపాల్సి వచ్చింది. ఆడిటరు గారు పదిహేను వందలు తీసుకున్నారు. 2025లో గడువు జూలై 31 నుంచి సెప్టెంబరు 15కు పొడిగించారు కాబట్టి సరిపోయింది. మార్చిలో వచ్చిన నష్టాన్ని ఆగస్టు లాభంలోంచి తీసేసుకోనిచ్చారు. కట్టాల్సిన పన్ను నేను భయపడిన దాంట్లో సగం కూడా కాలేదు. పన్ను శాఖ వార్షిక సమాచార నివేదికలో నా డివిడెండ్లు రూపాయితో సహా ఉన్నాయి, నేను మరిచిపోయినవి కూడా. బ్రోకరు ఇచ్చే లాభనష్టాల పట్టికను ఏప్రిల్‌లోనే దించుకుని ఆ నివేదికతో సరిచూసుకోండి. తేడా ఉంటే బ్రోకరు సరిచేసి ఇవ్వడానికి నాకు రెండు వారాలు పట్టింది.